నిద్ర లేవడం రాని రెండో డిస్కు

రికార్డింగు గది, మూడో అంతస్తు
జూన్ 24

మరిదిగారికి,

గారు తగిలించానంటేనే వదిన కోపంగా ఉందని నీకు అర్థమైపోవాలి. నేను ఈ ఇంటికి వచ్చేనాటికి నువ్వు పదో తరగతి. అప్పట్నుంచి నిన్ను మూడంటే మూడుసార్లే గారూ అన్నాను. మూడుసార్లూ నువ్వు ఏదో ఒక వస్తువు విప్పి, మళ్ళీ బిగించలేక నీళ్ళు నములుతూ నిలబడినప్పుడే.

నవంబరులో నువ్వు ఇక్కడ అమర్చి వెళ్ళిన కంప్యూటరు సోమవారం నుంచి లేవడం లేదు. శనివారం గోడలకు రంగులు వేయాలని లైబ్రరీ వాళ్ళు గదిలో కరెంటు తీసేయమన్నారు. నువ్వు వెళ్ళాక దాన్ని పూర్తిగా ఆపడం అదే మొదటిసారి. సోమవారం బటన్ నొక్కితే ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది, నల్లటి తెర మీద ఒక్కటే వాక్యం వచ్చింది. తను లేవడానికి పనికొచ్చే డిస్కు ఏదీ కనపడలేదట. ఒకటి కాదు, రెండున్నాయి కదే తల్లీ అని దానికి ఎవరు చెబుతారు? మీ అన్నయ్య కుట్టిన చొక్కా తీసి, దుమ్ము దులిపి, తీగలన్నీ ఒత్తి చూశాను. అదే వాక్యం.

"వదినా, రెండు డిస్కులు పెట్టాను. మనం ఏది దాచినా రెండింటిలోనూ ఒకేసారి ఒకేలా రాసుకుంటుంది. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. గుండె మీద చెయ్యేసుకుని నిద్రపో." ఈ మాట అన్నది నువ్వేనా, నీ వేషంలో ఇంకెవరైనానా?

నువ్వు ఉద్యోగానికని కొండెక్కాక ఇక్కడ జరిగినవి నీకు తెలియవు కాబట్టి చెబుతున్నా. మన అంధ విద్యార్థులకు ఆఖరి సంవత్సరం భూగోళం పుస్తకం ఈ ఏడు మారింది. పదకొండేళ్ళుగా మనకు పుస్తకాలు చదివిపెడుతున్న మాస్టారే దీన్నీ చదివారు. ఆయనకు గొంతులో గడ్డ. జూన్ పన్నెండున ఆపరేషను. తర్వాత మాట రాదని డాక్టర్లు ముందే చెప్పేశారు. "అయితే పుస్తకం ముందు, కత్తి తర్వాత" అన్నారు మాస్టారు. జూన్ పదో తారీఖు మధ్యాహ్నానికి ఇరవై రెండు అధ్యాయాలూ పూర్తిచేశారు. పన్నెండున ఆయన గొంతు తీసేశారు.

ఆ తర్వాత నేనూ మీ అన్నయ్యా ఆస్పత్రి చుట్టూ తిరగడమే సరిపోయింది, కత్తిరింపులు మొదలుపెట్టలేదు. నా పద్ధతి నీకు తెలుసు. దగ్గులు, తడబాట్లు, కుర్చీ కిర్రుమనడాలు అన్నీ తీసేసి, పుస్తకం మొత్తం శుభ్రమయ్యాకే కాపీలు తీస్తాను. మాస్టారయితే పేజీకోసారి దగ్గి, "ఆగమ్మా, మళ్ళీ చదువుతాను" అంటారు. పుస్తకానికి నాలుగైదు వందల ఆగమ్మాలు తీసి పారేస్తాను. అందుకే బయట ఒక్క కాపీ కూడా లేదు. ఆ ఇరవై రెండు అధ్యాయాలూ ఈ లేవని మిషనులోనే ఉన్నాయి.

సెప్టెంబరు పదిహేనున పరీక్ష. ముప్పై ఏడుగురు పిల్లలు ఎదురుచూస్తున్నారు. పిల్లలకైతే ఇంకొకరి చేత చదివించి ఏదో చేస్తాను. మాస్టారికి ఏం చెప్పను?

మీ కొండ మీద ఫోను ఆఫీసు పనికి తప్ప పలకదంటావు కాబట్టి ఈ ఉత్తరం. బుధవారం మీకు సరుకులు తెచ్చే జీపు దిగిపోయేలోగా జవాబు రాసి పంపు.

మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. నేను బాగాలేను.

వదిన


కొండ మీది వాతావరణ కేంద్రం
జూలై 1

వదినమ్మకు,

నీ ఉత్తరం ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని వచ్చింది. జీపు గంటసేపు ఆగుతుంది, అందులో సగం నీ తిట్లు చదవడానికే పోయింది. ఇక్కడ గాలినీ వాననూ కొలిచే మిషన్లు పద్నాలుగు ఉన్నాయి. అన్నీ కలిసి కూడా నీలా నన్ను వణికించలేదు.

కంగారు పడకు. మాస్టారి సంగతి చదివి మనసు పాడైంది. కానీ పుస్తకం ఎక్కడికీ పోదు. ఏదో తీగ వదులై ఉంటుంది, అంతే.

మిషను పక్క తలుపు తీస్తే రెండు అరలు కనిపిస్తాయి. పై అరలోది ఒకటో డిస్కు, కింద అరలోది రెండోది. పైదే అసలుది అనుకో. మీ వీధి చివర రిపేరు షాపాయన ఉన్నాడుగా, ఆయన్ని పిలిచి పైదాన్ని ఒక్కదాన్నే పెట్టి, కొత్త తీగతో లేపమను. అది లేస్తే పని అయిపోయినట్టే. తర్వాత కిందిదాన్ని ఖాళీ చేసి, పైదాంట్లోది మొత్తం అందులోకి కొత్తగా ఎక్కించమను. రెండింటిలో ఉండేది ఒకటే కాబట్టి నష్టమేమీ లేదు.

ఒకవేళ డిస్కుకే జబ్బు చేసి ఉంటే మిషను ఈపాటికి అరనిమిషానికోసారి కుయ్, కుయ్ అని నీ చెవులు తినేసేది. నేనే అలా పెట్టి, అరిస్తే నాకు రాయమని చెప్పి వచ్చాను. నువ్వు కూత సంగతి ఏమీ రాయలేదు, అంటే రెండూ శుభ్రంగా ఉన్నట్టే.

జీపు హారను కొడుతోంది. అన్నట్టు, చొక్కా ఏమిటి? కంప్యూటరుకు చొక్కా ఎందుకు?

మరిది


రికార్డింగు గది
జూలై 6

మరిదికి,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. శనివారం రిపేరు షాపాయన్ని పిలిపించాను. ఆయన ప్రతి మాటకూ ముందొక "ఏం కాదండీ" పెడతాడు. తలుపు విప్పుతూ ఏం కాదండీ, స్క్రూ కింద పడేసి ఏం కాదండీ. అప్పటికే నాకు సగం నమ్మకం పోయింది.

కానీ అన్యాయంగా మాట్లాడకూడదు. నువ్వు చెప్పినట్టే పై డిస్కు ఒక్కదాన్నే పెట్టి, కొత్త తీగ తగిలించి, రెండుసార్లు విఫలమై మూడోసారి లేపాడు. తెర వెలిగింది. మాస్టారి పేరున్న పెట్టె, అదే ఫోల్డరు, కనిపించింది. ఆ క్షణంలో ఆయన నా నెత్తిన పాలు పోశాడనే అనుకున్నాను.

పెట్టె తెరిచి లెక్కపెట్టాను. పదమూడు అధ్యాయాలు.

మళ్ళీ లెక్కపెట్టాను. పదమూడే. ఆఖరుదాని తేదీ మే 29. ఆ తర్వాతివి ఏవీ లేవు.

"ఏం కాదండీ, మీరు దాచడం మర్చిపోయి ఉంటారు" అన్నాడాయన. "ఇక కిందిదాన్ని ఖాళీ చేసి దీంట్లోది అందులోకి ఎక్కించేస్తాను. మీ మరిదిగారు కూడా అదేగా రాశారు?" అంటూనే కిందిదాన్ని మళ్ళీ తగిలించాడు, తెర మీద అవునా కాదా అని అడుగుతోంది. ఆయన వేలు అవును మీద ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది, చెప్పలేదు. మిషను అరిచింది.

మే 29 సాయంత్రం మొదలుపెట్టింది. అరనిమిషానికోసారి కుయ్, కుయ్. అరిస్తే రాయమని నువ్వు చెప్పిన మాట నాకు గుర్తుంది, మర్చిపోయానని బుకాయించను. కానీ మాస్టారికి ఇంకా తొమ్మిది అధ్యాయాలున్నాయి, చేతిలో పన్నెండు రోజులున్నాయి. నీకు రాస్తే నువ్వు ఆపమంటావు. ఎవడో వచ్చి విప్పుతాడు, నాలుగు రోజులు పోతాయి. ఆయన గొంతు ఎవరి కోసమూ ఆగదు. మిషను బాగానే పనిచేస్తోంది, అరుపొక్కటే కదా అనుకున్నాను. నా పని ఏమిటి? అక్కర్లేని చప్పుళ్ళు తీసేయడం. ఇరవై ఏళ్ళుగా అదే చేస్తున్నాను. దీన్నీ తీసేశాను. మీ అన్నయ్య షాపులో కోట్ల పని పక్కన పెట్టి, దూది నింపి దళసరిగా ఒక చొక్కా కుట్టి తెచ్చాడు. మిషనుకు తొడిగితే కూత మైకుదాకా రాలేదు. కొలతలు తీసుకోవడానికి మూడుసార్లు వచ్చాడు, బొత్తాలు కూడా పెట్టాడు.

పుస్తకం అయిపోయాక రాద్దామనుకున్నాను. తర్వాత సిగ్గేసింది. తర్వాత మిషను లేవలేదు, ఇంకా సిగ్గేసింది. ఆ దూది చొక్కాలో ఉక్కిరిబిక్కిరై డిస్కు చచ్చిందేమోనని రోజూ ఏడుస్తున్నాను.

అందుకే ఆయన వేలు అవును మీద ఉన్నప్పుడు నాకు అనిపించింది. కూత మొదలైన రోజునే పై డిస్కులో రాత ఆగిపోయింది. తొమ్మిది అధ్యాయాలు ఎక్కడో ఉండాలి. పైన లేకపోతే కింద. కిందిదాన్ని ఖాళీ చేయడమంటే?

"ఆగండి" అన్నాను. కింద డిస్కును పీకించి నా టిఫిను డబ్బాలో పెట్టి, డబ్బాను బీరువాలో పెట్టి, తాళం చెవి జాకెట్టులో దోపుకుని, తాళం చెవి పోయిందండీ అని చెప్పాను. ఆయన ఇంకోసారి ఏం కాదండీ అనేసి వెళ్ళిపోయాడు.

నేను పప్పులో కాలేశానా, లేక నువ్వు రాసిన సలహాయే తప్పా? నాకు తిట్లు వద్దు, జవాబు కావాలి.

వదిన


కొండ మీది వాతావరణ కేంద్రం
జూలై 8

వదినకు,

జీపు డ్రైవరును బతిమాలి రెండు గంటలు ఆపాను. కింద ఊరికి చేర్చాల్సిన పాలు విరిగిపోతాయని గొణుగుతున్నాడు, గొణగనీ.

ముందు ఒక్క మాట. టిఫిను డబ్బాను ఎవరికీ ఇవ్వకు. మాస్టారి తొమ్మిది అధ్యాయాలు ఆ డబ్బాలో తప్ప ఈ లోకంలో ఇంకెక్కడా లేవు. నేను రాసిన సలహా ప్రకారం ఆయన అవును నొక్కి ఉంటే ఈపాటికి అవి అక్కడా ఉండేవి కావు. ఆ ఉత్తరం చించి పారెయ్.

జరిగింది నువ్వు అనుకున్నదే. రెండు నోటు పుస్తకాల్లో ఒకే పాఠం రాసుకుంటున్నట్టు రెండు డిస్కులూ రాసుకుంటూ వచ్చాయి. మే 29న పైదానికి జబ్బు చేసింది, మిషను దాన్ని పక్కన పెట్టేసి కిందిదాంట్లో మాత్రమే రాసుకుంటూ పోయింది. ఆ సంగతి చెప్పడానికే కూసింది. చొక్కా వల్ల వేడి పెరిగిన మాట నిజమే, కానీ జబ్బు చొక్కా కంటే ముందే వచ్చింది. కూత విన్నాకే కదా చొక్కా కుట్టారు? కాబట్టి దానికి నువ్వు ఏడవక్కర్లేదు. నాకు రాయనందుకు ఏడువు, అది న్యాయం.

ఇప్పుడు నా వంతు. నీ కూత గురించి నువ్వు దాచావు. నేను దాచింది అంతకంటే పెద్దది.

బటన్ నొక్కగానే మిషను ముందుగా డిస్కు మొదట్లో ఉండే ఒక చిన్న పాఠం చదువుతుంది. ఎలా నిద్ర లేవాలి, లేచి ఏమేం తెరవాలి అన్నది అందులో ఉంటుంది. మా వాళ్ళు బూట్ అవడం అంటారు. మనం దాచుకునే పుస్తకాలు రెండు డిస్కుల్లోకీ వాటంతట అవే చేరతాయి కానీ, ఆ నిద్రలేపే పాఠం అలా చేరదు. దాన్ని రెండింటిలోనూ విడివిడిగా మనమే రాయాలి. రాశాక ఒకసారి పైదాన్ని పీకి లేపాలి, ఇంకోసారి కిందిదాన్ని పీకి లేపాలి. అప్పుడే పని అయినట్టు.

నేను పైదాంట్లో రాశాను. కిందిదాంట్లో రాయలేదు. ఆ రోజే నేను ఇక్కడికి బయల్దేరాలి, కింద వ్యాను హారను కొడుతోంది, అన్నయ్య నా పెట్టె మోసుకుని మెట్లు దిగుతున్నాడు. అంతా అయిందా అని నువ్వు అడిగావు. అయిందన్నాను. పీకి చూడలేదు.

నీ మొదటి ఉత్తరం చదవగానే నాకు అర్థమైంది. పైది పలకడం లేదు, కిందిదానికి లేవడం రాదు, అందుకే మిషను తెల్లముఖం వేసింది. ఆ మాట రాయడానికి మొహం చెల్లలేదు. పైదాన్ని లేపి కిందిదాన్ని కొత్తగా నింపిస్తే, ఆ పనిలో పాఠం కూడా రాయించేయొచ్చు, నా తప్పు ఎవరికీ తెలియకుండా సర్దుకుంటుంది అనుకున్నాను. కూత సంగతి నువ్వు రాయలేదు కాబట్టి రెండూ ఒకటేనని నన్ను నేను నమ్మించుకున్నాను. నా పరువు కోసం ఆయన గొంతును తుడిపేయబోయాను. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది, అయినా అడుగుతున్నాను.

కవరులో పెన్‌డ్రైవు పెట్టాను. దాంట్లో మిషనును నిద్రలేపే అరువు పాఠం ఉంది. పై డిస్కును మిషనులోంచి తీసి దూరంగా పెట్టు. కిందిదాన్ని ఒక్కదాన్నే బిగించు. పెన్‌డ్రైవు గుచ్చి బటన్ నొక్కు. నల్లతెర వస్తుంది. జతచేసిన నీలికాగితం మీద పదకొండు వరుసలు రాశాను. ఒక్కో వరుస ఉన్నదున్నట్టు టైపు చెయ్యి. ఆరో వరుసకు డిస్కు నంబరు తెర మీద వస్తుంది. డిస్కుకు అంటించి ఉన్న చీటీలోని నంబరుతో సరిపోల్చు. ఏడో వరుస కింద ఎర్రగీత గీశాను. పాఠం రాసేది ఆ వరుసే. నంబరు సరిపోకపోతే అక్కడితో ఆపెయ్.

రిపేరు షాపాయన వద్దు. నువ్వే చెయ్యి.

మరిది


రికార్డింగు గది
జూలై 13

మరిదీ,

పెన్‌డ్రైవు, నీలికాగితం అందాయి. నిన్ను ఏమని తిట్టాలో రెండు రోజులు ఆలోచించాను. తిట్టు దొరికినప్పుడల్లా నా చొక్కా గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. కాబట్టి మనిద్దరికీ చెల్లుకు చెల్లు. అయినా కిందిదానికి తనంతట తాను నిద్ర లేవడం రాదని చదివి నవ్వొచ్చింది. పదో తరగతి పరీక్షలప్పుడు నీ మీద చెంబెడు నీళ్ళు పోస్తే కానీ లేచేవాడివి కాదు. దాన్ని అమర్చింది నువ్వే కదా, పోలిక ఎక్కడికి పోతుంది?

కానీ ఇంకా పెట్టలేదు. డిస్కు టిఫిను డబ్బాలోనే ఉంది. నాకు భయంగా ఉంది. ఇన్నేళ్ళలో ఎన్ని గొంతులు కత్తిరించానో, ఒక్కసారీ చెయ్యి వణకలేదు. తప్పు కోస్తే వెనక్కి తెచ్చుకోవచ్చని తెలుసు కాబట్టి. ఆ ఎర్రగీత దాటాక వెనక్కి రాగలనా? అది చెప్పు ముందు.

నిన్న మాస్టారు వచ్చారు. మెడకు కట్టు, చేతిలో పలక. మూడంతస్తులూ మెల్లగా ఎక్కి వచ్చి పలక మీద రాశారు: "పుస్తకం ఎంతవరకు వచ్చింది?" కత్తిరిస్తున్నాను మాస్టారూ, ఎనిమిదో అధ్యాయంలో ఉన్నాను అన్నాను. సంతోషంగా తలూపి వెళ్ళారు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు పోయేదాకా అలాగే నిలబడిపోయాను. ఆయనకు అబద్ధం చెప్పడం ఇదే మొదలు.

వదిన


కొండ మీది వాతావరణ కేంద్రం
జూలై 15

వదినా,

చిన్న ఉత్తరం, జీపు తొందరలో ఉంది.

డిస్కు మొదట్లో నిద్రలేపే పాఠం కోసమని చిన్న ఖాళీ గది ఒకటి వదిలి ఉంచాను. వదిలాను కానీ నింపలేదు, అదే నా తప్పు. ఏడో వరుస ఆ ఖాళీ గదిలో మాత్రమే రాస్తుంది. మాస్టారి అధ్యాయాలున్న వైపు తొంగి కూడా చూడదు. నేను రాసింది రాసినట్టు టైపు చేస్తే భయం లేదు. ఒక అంకె మారితే మాత్రం ఇంకెక్కడో రాస్తుంది. భయపడాల్సింది అందుకు ఒక్కదానికే.

అందుకని ఒంటరిగా కూర్చోకు. మాస్టారికి నిజం చెప్పి పక్కన కూర్చోబెట్టుకో. నువ్వు టైపు చెయ్యి, ఆయన చేతిలో నీలికాగితం పెట్టు. వరుస వరుసా సరిపోల్చి, ఆయన తలూపితేనే ఎంటర్ నొక్కు. పదకొండేళ్ళు ఒక్క అక్షరం మింగకుండా చదివిన మనిషి. గొంతు పోయింది కానీ కళ్ళున్నాయిగా. నా తప్పు సంగతి కూడా చెప్పు. దాచకు.

మరిది


రికార్డింగు గది
ఆగస్టు 17

చిన్ని మరిదికి,

నెల రోజులు రాయలేదని అలిగావని జీపు డ్రైవరు చెప్పాడట మీ అన్నయ్యతో. అలగకు. ముందు పని, తర్వాత ఉత్తరం. ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నాను.

మాస్టారింటికి వెళ్ళి అంతా చెప్పాను. కూత, చొక్కా, నీ హడావుడి, ఎనిమిదో అధ్యాయం అబద్ధం. ఆయన పలక తుడుచుకున్నారు. తర్వాత "చొక్కాకు బొత్తాలు కూడానా?" అని రాశారు. అవును మాస్టారూ, ఆరు అన్నాను. ఆయన భుజాలు ఊగాయి. శబ్దం లేని నవ్వును నేను మొదటిసారి చూడడం అదే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం కూర్చున్నాం. కింద డిస్కు ఒక్కదాన్నే బిగించాను. పెన్‌డ్రైవుతో మిషను లేచింది. ఒక వరుస టైపు చేయడం, ఆయన నీలికాగితం మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చూడడం, తలూపడం, నేను ఎంటర్ నొక్కడం. ఆరో వరుసకు వచ్చిన నంబరు చీటీతో సరిపోయింది. ఏడో వరుస టైపు చేసి ఎంటర్ మీద వేలు పెట్టాను. మాస్టారు అరచెయ్యి ఎత్తారు.

చదువుతూ చదువుతూ తప్పు దొర్లితే మైకు ముందు అలాగే చెయ్యెత్తేవారు, ఆగమ్మా అంటూ. ఇప్పుడు చెయ్యొక్కటే. చూస్తే చివర ఒక అంకె నేను తినేశాను. చెరిపి మళ్ళీ కొట్టాను. ఆయన రెండుసార్లు సరిచూసి తలూపారు. ఎంటర్ నొక్కాను.

పెన్‌డ్రైవు తీసేసి, మిషను ఆపి, మళ్ళీ బటన్ నొక్కాను. నీ రెండో డిస్కు తనంతట తాను లేచింది, చెంబెడు నీళ్ళు పోయకుండానే. ఇరవై రెండు అధ్యాయాలూ ఉన్నాయి. ఒకటికి నాలుగుసార్లు లెక్కపెట్టి, ఇంకే పనీ పెట్టుకోకుండా ఆ పూటే మొత్తానికి విడిగా ఒక కాపీ తీశాను. కత్తిరించకుండా కాపీ తీయడం నా జన్మలో అదే మొదటిసారి. ఆ కాపీ లైబ్రేరియను బీరువాలో ఉంది, తాళం చెవి నిజంగానే ఆయన దగ్గరుంది.

తర్వాత కొత్త డిస్కు కొని, నేను అడక్కుండానే నువ్వు జూలై 22న రాసి పంపిన ఉత్తరంలో ఉన్నట్టే పై అరలో పెట్టి, కిందిదాంట్లోంచి పైదాంట్లోకి ఎక్కించాను. దిక్కు తప్పకుండా రెండింటి మీదా సుద్దతో బాణాలు గీసుకున్నాను. నిద్రలేపే పాఠం రెండింటిలోనూ రాశాను. పైదాన్ని పీకి లేపాను, లేచింది. దాన్ని పెట్టి రెండూ మళ్ళీ సమానమయ్యేదాకా ఆగి, కిందిదాన్ని పీకి లేపాను, లేచింది. ఇకమీదట ప్రతి నెలా మొదటి సోమవారం ఇలాగే పీకి చూడాలని గోడ మీద రాసి పెట్టాను. నువ్వు అయిందన్నా నమ్మేది లేదు. దూది చొక్కాను మీ అన్నయ్య విప్పి, కుర్చీ కిర్రుమనకుండా దానికి మెత్త కుట్టాడు. కూత ఇప్పుడు వినిపించేట్టే ఉంది. రేపు అది మళ్ళీ కూస్తే, ఎవరు చదువుతున్నా సరే ఆపించి నీకు రాస్తాను.

కత్తిరింపులకు మాస్టారు రోజూ వచ్చి పక్కన కూర్చున్నారు. తన గొంతు తను వింటూ, కొన్నిచోట్ల కళ్ళు మూసుకుని, కొన్నిచోట్ల మొహం చిట్లించి. దగ్గులు తీశాను, తడబాట్లు తీశాను, ఆగమ్మాలు లెక్కపెట్టి మరీ తీశాను, నాలుగు వందల పన్నెండు. ఆయన ఒక్కదానికీ అడ్డం చెప్పలేదు.

మొన్న శనివారం ఇరవై రెండో అధ్యాయం ఆఖరు పేజీకి వచ్చాం. అక్కడ ఒక వాక్యం మధ్యలో దగ్గారు. "ఆగమ్మా, మళ్ళీ చదువుతాను" అన్నారు. కాస్త ఆగి, ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి చదివారు. పుస్తకం అయిపోయింది. నేను అలవాటుగా వెనక్కి వెళ్ళి, ఆ మాట ఈ చివరా ఆ చివరా గుర్తు పెట్టి, తీసేయబోతున్నాను. మాస్టారు అరచెయ్యి ఎత్తారు.

పలక తీసుకుని మెల్లగా రాశారు: "అది ఉంచమ్మా. మళ్ళీ చదువుతానని నేను అన్నది అదే ఆఖరుసారి."

ఉంచాను. ముప్పై ఏడు కాపీలూ నిన్న పిల్లలకు అందాయి, అన్నిటిలోనూ ఉంది. చివర్లో ఒక తప్పు మిగిలిపోయిందని ఎవరైనా వచ్చి అడిగితే, నేనే కావాలని ఉంచానని చెబుతాను.

వదిన